గాలి తన్నిన బంతి

2010 జనవరిలో అమెరికాలోని హైస్కూలు రోబోటిక్స్ జట్ల ముందు ఫస్ట్ సంస్థ ఆ ఏటి ఆటను పెట్టింది. పేరు బ్రేకవే. ఫుట్‌బాలే, కాకపోతే ఆడేవి రోబోలు. 54 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు మైదానం. ఒక్కో పక్షాన మూడు రోబోలు. మైదానానికి అడ్డంగా రెండు దిబ్బలు. బంతిని ఎత్తుకెళ్లడానికి వీల్లేదు. రోబో చట్రంలోకి అది మూడు అంగుళాలకు మించి చొరబడకూడదు. దిబ్బ అవతలికి పంపాలంటే తన్నడమే సులువైన దారి. తయారీకి గడువు ఆరు వారాలు.

తన్నడం అనగానే చాలామందికి తట్టేది గాలి పీడనంతో పనిచేసే న్యూమాటిక్ సిలిండర్. లెక్క వేసి చూస్తే ఆశ పుడుతుంది కూడా. రెండు అంగుళాల వ్యాసమున్న పిస్టన్ వైశాల్యం 3.14 చదరపు అంగుళాలు. నియమాలు ఒప్పుకునే పని పీడనం 60 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 60 పౌండ్లు. గుణిస్తే 188 పౌండ్ల తోపు, అంటే దాదాపు 85 కిలోల బరువంత. బంతి చూస్తే అరకిలో కూడా ఉండదు. ఇంకేం కావాలి అనుకుని సిలిండర్ కడ్డీ చివర ఓ రేకు బిగించి మీట నొక్కితే బంతి గాల్లోకి లేవదు, కాస్త దూరం దొర్లి ఆగిపోతుంది.

ఎందుకంటే ఆ 188 పౌండ్లు ఆగి ఉన్న పిస్టన్‌కు వేసిన లెక్క. పిస్టన్ కదిలిన మరుక్షణం దాని వెనక ఖాళీ పెరగడం మొదలవుతుంది. ఆ ఖాళీని నింపే గాలి సన్నటి గొట్టంలోంచి, అంతకన్నా సన్నటి వాల్వ్ రంధ్రంలోంచి రావాలి. పిస్టన్ పరిగెత్తేకొద్దీ వెనక పీడనం పడిపోతుంది. పోనీ పెద్ద వాల్వ్ పెడదామా అంటే, దానిలోంచి గాలి ఎంత పారాలో కూడా నియమాలే హద్దు గీశాయి. రోబో తన్నే కాలు బంతిని అంటుకుని ఉండేది సెకనులో సుమారు వందో వంతు. ఆ కాస్తలో బంతికి అందాల్సింది వేగం. గాలికి బలం ఉంది కానీ తొందర లేదు. కిక్కర్, అంటే తన్నే యంత్రం, రూపకల్పన అంతా ఆ తొందరను ఎక్కడినుంచి తేవాలన్న దాని గురించే.

జవాబు గొళ్ళెం. ముందు కాలును గొళ్ళెంతో కదలకుండా పట్టి ఉంచి, సిలిండర్‌లోకి తీరిగ్గా గాలి నింపుతారు. పీడనం నిండాక గొళ్ళెం లాగేస్తారు. ఉండేలు తోలును వేళ్లతో బిగబట్టి ఒక్కసారిగా వదలడం లాంటిదే. ఇక్కడే ఒక మెలిక ఉంది, దీన్ని పట్టించుకోక చాలామంది దెబ్బతింటారు. పిస్టన్ వెనక్కి చేరి ఉన్నప్పుడు దాని వెనక చోటు పిడికెడు కూడా ఉండదు. అంత కొంచెం గాలి వ్యాకోచించినా చేసే పని కొంచెమే. అందుకే సిలిండర్ వెనక మూతికే, మధ్యలో వాల్వ్ గానీ రెగ్యులేటర్ గానీ లేకుండా, లావుపాటి పొట్టి గొట్టంతో చిన్న ట్యాంకు ఒకటి తగిలించాలి. గొళ్ళెం ఊడగానే పరిగెత్తేది ఆ ట్యాంకులో కాచుకుని ఉన్న గాలి.

గొళ్ళెం మీద కూడా ఆ 188 పౌండ్లూ ఆనుకుని ఉంటాయి. మామూలు ఇనుప పిన్ను పెడితే రాపిడి వల్ల ఊడదు. పిన్ను ఆనేచోట చిన్న బేరింగ్ వేయాలి, లేదా మీట పొడవు పెంచి గొళ్ళెం దాకా వచ్చే బరువు తగ్గించాలి.

వెనకనుంచి వచ్చే గాలి గురించి అందరూ ఆలోచిస్తారు, ముందున్న గాలిని మర్చిపోతారు. పిస్టన్ ముందున్న గాలి బయటికి పోకపోతే అదే మెత్తలా అడ్డుపడుతుంది. అటువైపు రంధ్రం తెరిచి ఉంచాలి, లేదా గాలిని చప్పున వదిలే క్విక్ ఎగ్జాస్ట్ వాల్వ్ పెట్టాలి. కాలును వెనక్కి లాగే పని రబ్బరు పట్టీకి అప్పగిస్తే సరిపోతుంది, గాలి కూడా మిగులుతుంది.

ఆ మిగులు చిన్నదేం కాదు. రెండు అంగుళాల వ్యాసం, ఆరు అంగుళాల నడక ఉన్న సిలిండర్‌ను 60 పీఎస్ఐకి నింపడానికి బయటి గాలి లీటరున్నర పైచిలుకు పడుతుంది. నిల్వకు అనుమతి 120 పీఎస్ఐ దాకా. లీటరు ట్యాంకు 120 నుంచి 60కి దిగేలోపు ఇచ్చేది నాలుగు లీటర్లు. అంటే రెండున్నర తన్నులు. వెనక్కి లాగడానికి కూడా గాలే వాడితే ఒకటి, మహా అయితే ఒకటిన్నర. ఆ తర్వాత కంప్రెసర్ రొద పెడుతూ బ్యాటరీని తాగుతూ ఉంటుంది. సిలిండర్ ఎంత పెద్దదైతే అంత మంచిదనుకునే కుర్రాళ్లకు ఈ లెక్క ఒక్కటి చేయిస్తే చాలు.

కాలి సంగతి వేరు. సిలిండర్‌ను ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలో, పాదాన్ని 25 సెంటీమీటర్ల దూరంలో పెడితే పాదం వేగం ఐదింతలవుతుంది, తోపు ఐదో వంతుకు పడుతుంది. పాదం మరీ తేలికైతే బంతిని తాకి వెనక్కి తుళ్లుతుంది, మరీ బరువైతే వేగమే అందుకోదు. బంతి మధ్య నేలనుంచి 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దానికి కాస్త కింద తగిలితే బంతి లేస్తుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో, 30 డిగ్రీల వాలులో లేచిన బంతి తొమ్మిది మీటర్ల దగ్గర దిగుతుంది. అయితే బంతి ప్రతిసారీ పాదం ముందు ఒకేచోట ఉండాలి కదా. దానికోసం పైన తిరిగే రోలర్ ఒకటి, బంతిని రోబోవైపే దొర్లించి అట్టిపెడుతుంది.

గాలి ఎందుకు, వించితో రబ్బరు గొట్టాలు సాగదీసి వదిలితే పోలేదా అనేవాళ్లున్నారు. ఆ దారిలో మంచి కిక్కర్లు వచ్చాయి కూడా. నాకు మాత్రం గాలే నచ్చుతుంది. రబ్బరు వాడేకొద్దీ సాగి నీరసిస్తుంది, ఉదయం ఆటకీ సాయంత్రం ఆటకీ తేడా వస్తుంది. గాలికైతే రెగ్యులేటర్ మర కాస్త తిప్పితే చాలు, దగ్గరి గోలుకో బలం, దూరానికో బలం. పీడనాన్నిబట్టి బంతి ఎంత దూరం పోయిందో పిల్లలు పట్టిక రాసుకోవచ్చు. భౌతికశాస్త్రం చేతికి తగిలే చోటు అదే.

మన ఇంజనీరింగ్ విద్యార్థులకు దగ్గరి పోటీ ఏబీయూ రోబోకాన్. ఫిజీ ఆతిథ్యంలో 2020కి పెట్టిన అంశం రోబో రగ్బీ. అందులోనూ రోబో బంతిని గోలుస్తంభాల మీదుగా తన్నాలి. అక్కడ గాలి పీడనానికి హద్దు 600 కిలోపాస్కల్స్, సుమారు 87 పీఎస్ఐ. గాలి నిల్వకు ఖరీదైన ట్యాంకులే కొననక్కర్లేదు, శీతల పానీయాల ప్లాస్టిక్ సీసాలు వాడే జట్లు బోలెడు. సీసా మీద గీత పడినా, నొక్కు పడినా పక్కన పడేయాలి.

బిగించి ఉన్న కిక్కర్ గురి పెట్టిన తుపాకీతో సమానం. కరెంటు ఆపినా ట్యాంకులో గాలి ఉంటుంది, గొళ్ళెం వెనక బలం ఉంటుంది. అందుకే మైదానంలోంచి రోబోను ఎత్తేముందు చేత్తో తిప్పే వాల్వ్ తెరిచి గాలంతా వదిలేస్తారు, గేజీ ముల్లు సున్నాకి దిగిందని చూసుకుంటారు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోనివాళ్లను దగ్గరికి రానివ్వరు.