దండన, భయం, దండుగ: జగిత్యాల - సిరిసిల్ల అనుభవం వెలుగులో నిరోధక సిద్ధాంత విమర్శ

వ్యాససంగ్రహం:

శిక్ష పడుతుందన్న భయం మనిషిని నేరం నుంచి వెనక్కి లాగుతుందని నిరోధక సిద్ధాంతం ప్రతిపాదిస్తుంది. 1978 ప్రాంతంలో పాత కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో దొర గడి, రైతుకూలీ సంఘం, రాజ్యం అనే మూడు దండనాధికారాలు ఒకే నేల మీద తలపడ్డాయి. వాటి ఆచరణను ఆధారంగా తీసుకుని ఈ సిద్ధాంతం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: నిరోధక సిద్ధాంతం, దండుగ, సాంఘిక బహిష్కరణ, కల్లోలిత ప్రాంతం, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల.

1. సిద్ధాంతం అనుకున్నది

1764లో బెకారియా రాసిన నేరాలు - శిక్షల గ్రంథం ఆధునిక నిరోధక సిద్ధాంతానికి మూలం. నేరాన్ని ఆపేది శిక్షలోని క్రూరత్వం కాదని, అది తప్పక పడుతుందన్న నమ్మకమని ఆయన వాదం. ఆలస్యం లేని, కచ్చితమైన చిన్న శిక్ష ఎప్పుడో ఒకప్పుడు పడే ఘోరశిక్ష కంటే బలమైనదని చెప్పి, మరణశిక్షను వ్యతిరేకించాడు. బెంథామ్ దీన్నే సుఖదుఃఖాల లెక్కగా మార్చాడు. కౌటిల్యుడి దృష్టి కొంత వేరు. తీక్ష్ణదండుడైన రాజును చూసి జనం బెదిరిపోతారని, మృదుదండుడిని లెక్కచేయరని, అర్హతను బట్టి దండించేవాడే పూజ్యుడవుతాడని అర్థశాస్త్రం అంటుంది. అంటే దండన ఫలితం దండించేవాడికి ఉన్న గౌరవంతో ముడిపడి ఉంది. బెంథామ్ లెక్కలో ఈ అంశానికి చోటు తక్కువ.

ఈ ముగ్గురిలోనూ కనిపించే సామాన్య భావన ఒకటుంది: దండించే అధికారం ఒక్కటే, అది ఎవరిదో అందరికీ తెలుసు. కరీంనగర్ పల్లెల్లో పరిస్థితి అలా లేదు.

2. గడిలో న్యాయం

తెలంగాణ పల్లెలో దొర భూస్వామి మాత్రమే కాదు, తీర్పరి కూడా. భార్యాభర్తల తగాదా నుంచి గెట్టు పంచాయితీ దాకా గడి ముందుకే వచ్చేది. తీర్పు ఎటు వచ్చినా దండుగ మాత్రం దొరకే చేరేది. ‘దండుగ’ అనే మాటను ఇక్కడ గమనించాలి. అది జరిమానాకూ పేరు, వృథా ఖర్చుకూ పేరు. కట్టినవాడి దృష్టిలో ఈ రెండూ ఒకటేనని భాష ఎప్పుడో తేల్చి చెప్పింది.

బెకారియా కొలతలు పెట్టి చూస్తే గడి దండన కచ్చితమైనది, సత్వరమైనది. పల్లె దశాబ్దాలపాటు దానికి లొంగే ఉంది. అయితే ఆ భయం ఆపింది నేరాన్ని కాదు; వెట్టిని కాదనడాన్ని, కూలి పెంచమని అడగడాన్ని. నిరోధం ‘పనిచేసింది’ అనే మాటకు ముందు ఏ పనిని ఆపిందన్న ప్రశ్న వేయకపోతే, ఈ సిద్ధాంతం వెట్టిచాకిరీని కూడా విజయవంతమైన శాంతిభద్రతల నిర్వహణగా లెక్కగడుతుంది. ఇది చిన్న లోపం కాదు.

3. ఉరి తరువాత

1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీ కాలంలో, ఆదిలాబాద్ జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. గోదావరికి అవతల ఆదిలాబాద్, ఇవతల జగిత్యాల. మూడేళ్లు నిండకముందే, 1978 సెప్టెంబర్ 7న, జగిత్యాల పట్టణానికి వేలాది రైతుకూలీలు తరలివచ్చారు. జగిత్యాల జైత్రయాత్రగా అది చరిత్రకెక్కింది. అల్లం రాజయ్య ‘కొలిమి అంటుకున్నది’ నవలకు నేపథ్యం ఈ ఉద్యమమే.

దీన్ని చూపి ఉరిశిక్ష ఎవరినీ ఆపలేదని తీర్మానించడం తొందరపాటు. వచ్చినవాళ్లు కంటికి కనబడతారు. భయపడి ఇంట్లో ఉండిపోయినవాళ్లను లెక్కించే సాధనం లేదు. నిరోధాన్ని రుజువు చేయడం ఎంత కష్టమో, కాదని రుజువు చేయడమూ అంతే కష్టం. ఒక్క విషయం మాత్రం చెప్పవచ్చు. ఉరి పడినవారిని నేరస్థులుగా కాక అమరులుగా తలచుకునే చోట, శిక్ష రాజ్యం అనుకున్న అర్థంలో జనానికి చేరదు. బెంథామ్ లెక్కలో దుఃఖం ఖాతాలో పడవలసిన అంకె ఇక్కడ గౌరవం ఖాతాలో పడింది.

4. బహిష్కరణ: నెత్తురు చిందని శిక్ష

సంఘాలు ఎంచుకున్న ప్రధాన ఆయుధం సాంఘిక బహిష్కరణ. చాకలి బట్టలు ఉతకడు, మంగలి గడ్డం గీయడు, జీతగాడు పశువులను తోలడు, కూలీలు పొలంలో దిగరు. వసూలు చేసిన దండుగలను వాపసు ఇమ్మని ఊరే దొరను అడిగింది. పలువురు భూస్వాములు ఊళ్లు విడిచి పట్టణాలు చేరారు.

నిరోధక సిద్ధాంతం కోరే గుణాలు దీనిలో దాదాపు అన్నీ ఉన్నాయి. కచ్చితత్వం ఉంది, ఎందుకంటే అమలు చేసేది ఊరంతా. సత్వరత ఉంది. తప్పు దిద్దుకుంటే శిక్షను వెనక్కి తీసుకునే వీలుంది. ఉరికి ఆ వీలు లేదు. దొర బతుకు ఎవరి చెమట మీద నిలబడిందో ఆ చెమటను ఆపడమే శిక్ష కావడం వల్ల నేరానికీ దండనకూ సంబంధం కళ్లెదుటే ఉంది. ఇలాంటి సాదృశ్యం ఉన్న శిక్షనే బెకారియా కోరాడు. అయినా లోటు లేదనలేం. ఆరోపణ వినేదీ, తీర్పు చెప్పేదీ, అమలు చేసేదీ ఒక్కరే అయినప్పుడు నిందితుడి మాటకు చోటెక్కడన్న ప్రశ్న దొర విషయంలో గట్టిగా వినబడలేదు. అది వినబడే రోజు తరువాత వచ్చింది.

5. స్థలాన్ని శిక్షించడం

1978 అక్టోబర్ 20న, మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆధారం 1948 నాటి కల్లోలాల అణచివేత చట్టం. గుమికూడడంపై నిషేధాన్ని ఉల్లంఘించినవారిపై ప్రాణం పోయేంతవరకు బలప్రయోగం చేసే అధికారాన్ని ఆ చట్టం పోలీసు అధికారులకు ఇస్తుంది. పల్లెల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి.

నిరోధక సిద్ధాంతం దృష్టితోనే చూసినా ఇది లోపభూయిష్ఠమైన చర్య. ఏ పని చేస్తే ఏ శిక్షో మనిషికి ముందే తెలిసినప్పుడే భయం అతన్ని దారి మళ్లిస్తుంది. ప్రకటన ఒక పనికి కాక ఒక తాలూకాకు శిక్ష వేసింది. కూలి రేటు అడిగినవాడికీ కత్తి పట్టినవాడికీ ప్రమాదం ఒకటే అయితే, వెనక్కి తగ్గడానికి కారణం మిగలదు. ఎన్‌కౌంటర్ విషయంలో ఈ వైరుధ్యం మరీ పెరుగుతుంది. ప్రభుత్వం దాన్ని ఆత్మరక్షణ అంటుంది, ఊరు దాన్ని శిక్షగా చదువుకుంటుంది. తాను వేశానని ఒప్పుకోని శిక్షతో రాజ్యం భయపెట్టగలదేమో గాని, చట్టం పట్ల గౌరవం పుట్టించలేదు. కన్నబిరాన్ 2004లో ప్రచురించిన తన ఆంగ్ల గ్రంథం పేరులోనే ‘శిక్షాభీతి లేనితనం’ అనే భావాన్ని నిలిపారు. అది రాజ్యానికి వర్తింపజేసిన నిరోధక సిద్ధాంతమే: నిరోధం పౌరుడికి అవసరమైతే పోలీసుకూ అవసరం.

1980 ఏప్రిల్ 22న పీపుల్స్‌వార్ ఏర్పడింది. తరువాతి దశాబ్దాల్లో ఉద్యమం బలహీనపడిన మాట నిజమే. అయితే మనుషులు చనిపోవడం, జైళ్లకు వెళ్లడం, లొంగిపోవడం, వ్యవసాయ సంబంధాలే మారిపోవడం అందులో కలగలిసి ఉన్నాయి. ఆ మొత్తాన్ని ‘భయం ఫలించింది’ అనే ఒక్క మాటతో సర్దేయడం శాస్త్రీయం కాదు.

6. చేతులు మారిన ఆయుధం

2016లో పాత జిల్లా విడిపోయి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. గడీలు పాడుబడ్డాయి. బహిష్కరణ మాత్రం పోలేదు. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు దాకా సాగే ఈ ప్రాంతంలో, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలనూ కులాలనూ వెలివేసిన వార్తలు తరచూ వస్తున్నాయి. పద్ధతి మారలేదు: పని బంద్, సరుకు బంద్, మాట బంద్; మాట్లాడినవాడికి జరిమానా. నాడు దొర మీద ఎక్కుపెట్టిన శిక్ష నేడు గీత కార్మికుడి మీదికో, కమిటీ మాట వినని చిన్న రైతు మీదికో వస్తోంది. దండుగ కూడా తిరిగి వచ్చింది, రసీదు పుస్తకంతో సహా.

మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణను నేరంగా పరిగణించే ప్రత్యేక చట్టం చేసింది. షెడ్యూల్డు కులాలు, తెగల వారిపై విధించే బహిష్కరణ 2015 సవరణ తరువాత అత్యాచారాల నిరోధక చట్టంలో నేరంగా చేరింది. వెనుకబడిన కులాల కుటుంబం వెలికి గురైతే ఆ రక్షణ వర్తించదు. పైగా ఫిర్యాదు నిలబడాలంటే సాక్షి కావాలి. ఊరంతా శిక్ష అమలు చేసే చోట సాక్ష్యం చెప్పేవాడే తదుపరి నిందితుడు. ఠాణా మెట్టెక్కే ముందు అతడు వేసుకునే లెక్క బెంథామ్ చెప్పిన లెక్కే.