గాస్కెట్ మీద నేరం మోపే ముందు

పాత ట్రాక్టర్ దమ్ములో హీటెక్కి రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే, షెడ్డులో తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది: హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ దించాలి. విప్పి చూడటమే తనిఖీ అని మనవాళ్ల నమ్మకం. నా లెక్కలో అది సాక్ష్యాన్ని చెరిపేయడం. సన్నటి లీకు ఒత్తిడి ఉన్నప్పుడే బయటపడుతుంది. హెడ్ లేస్తే ఆ ఒత్తిడీ ఉండదు, అతుక్కున్న గాస్కెట్ చిరిగి దాని జాడా పోవచ్చు.

పైగా నీళ్లు పోయే దారీ, కంప్రెషన్ పోయే దారీ ఒకటే కానక్కర్లేదు. వెట్ లైనర్ ఇంజన్‌లో లైనర్ చుట్టూ నేరుగా నీళ్లే ఉంటాయి. లైనర్ అడుగున ఉండే రబ్బరు ఓ-రింగులు గట్టిపడితే నీళ్లు ఆయిల్ చాంబర్‌లోకి దిగుతాయి, కంప్రెషన్ మాత్రం చెక్కుచెదరదు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేస్తే, ఆయిల్ కంటే బరువైన నీళ్లు ముందు కారతాయి. ఆ చాంబర్ దించి, రేడియేటర్ మూత మీద రాసిన మేరకే చేతిపంపుతో ఒత్తిడి ఎక్కిస్తే ఏ లైనర్ కింద చెమ్మ ఊరుతోందో కనబడుతుంది. గాస్కెట్ సంగతి వేరు. చల్లటి ఇంజన్‌కు ఫ్యాన్ బెల్టు తీసి, రేడియేటర్ నింపి, మూత తెరిచి కాసేపు స్టార్ట్ చేయాలి. బెల్టు లేదు కాబట్టి నీళ్ల పంపు తిరగడం లేదు, నీళ్లింకా కాగలేదు. అయినా బుడగలు ఆగకుండా వస్తుంటే అవి సిలిండర్ గ్యాసే. తప్పు గాస్కెట్‌దో, పగిలిన హెడ్‌దో.

కంప్రెషన్ గేజ్ చూపే ఒక్క అంకెను నేను పెద్దగా నమ్మను. సిలిండర్ల మధ్య తేడానే మాట్లాడుతుంది. పక్కపక్క రెండూ పడిపోతే మధ్యలో గాస్కెట్‌ను అనుమానించాలి. అన్నీ తగ్గి, ఆయిల్ పోసే మూత దగ్గర బ్యాక్ కంప్రెషన్ తన్నుతుంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగినట్టే. పెట్రోలు బండికి చేసినట్టు సిలిండర్‌లో ఆయిల్ పోసి చూడటం డీజిల్‌కు పనికిరాదు: అసలే ఇరుకైన చోటును ఆయిల్ ఇంకా నింపి అంకెను పెంచేస్తుంది.

సీజన్‌లో ఇంత తీరిక ఎక్కడ, ఎలాగూ విప్పాల్సిందే కదా అంటారు. విప్పాల్సిందే, కానీ పైనుంచా, కిందనుంచా? బెల్టు తీయడానికీ, డ్రెయిన్ బోల్టు వదలడానికీ కావలసింది స్పానర్లే. ఇక హెడ్ దించక తప్పదని తేలితే, లైనర్ అంచు బ్లాక్ కంటే ఎంత పైకి ఉందో కొలవనిదే కొత్త గాస్కెట్ వేయకూడదు. కుంగిన లైనర్ మీద వేసిన గాస్కెట్‌కు సరైన బిగింపు దొరకదు, హెడ్ బోల్టులు ఎంత బిగించినా.