సున్నా క్రెడిట్ల పాఠం

ఇంజినీరింగ్ మొదటి ఏడాది ల్యాబులో దాదాపు అందరూ రాసే ప్రోగ్రామొకటి ఉంది. ఇచ్చిన మాట ఎటునుంచి చదివినా ఒకేలా ఉందా, లేదా? ఇంగ్లిష్‌లో ‘మేడమ్’ అని ఇస్తే ‘ట్రూ’ అంటుంది. అదే ప్రోగ్రామ్‌కి పైథాన్‌లో ‘వికటకవి’ ఇచ్చి చూడండి. తెనాలి రామకృష్ణుడి కథ విన్న పిల్లలెవరైనా ఠక్కున చెప్పే జవాబుకి అది ‘ఫాల్స్’ అంటుంది.

మనకి అవి ఐదు అక్షరాలు. యూనికోడ్‌కి ఏడు సంకేతాలు. ‘వి’ అంటే దాని లెక్కలో ఒక ‘వ’, పక్కన ఒక గుడి. వెనక్కి తిప్పితే గుడి ముందుకొచ్చేస్తుంది, ‘వ’ వెనకబడిపోతుంది. ప్రోగ్రామ్ చెప్పిన పనే చేసింది. అక్షరం అంటే ఏమిటన్నది మాత్రం మనం కోడ్ మొదలుపెట్టకముందే తేలిపోయింది. ఇది ప్రోగ్రామింగ్ ప్రశ్నా, సంస్కృతి ప్రశ్నా? నాకైతే విడదీయడం చేతకాలేదు.

మన సిలబస్ విడదీసింది. ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌ని ఒక పుస్తకం చదివినట్టు చదివాను. మొదటి ఏడాదిలో ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ ఉంది. లూపులు, అర్రేలు, సార్టింగ్, పాయింటర్లు. పేరులోనే ‘సమస్య’ ఉన్నా, అది ఎవరి సమస్య, దాన్ని సమస్య అన్నదెవరు అనే మాట ఎక్కడా లేదు. రాజ్యాంగం, పర్యావరణం, భారతీయ జ్ఞాన సంప్రదాయం వేరే అరలో ఉన్నాయి. తప్పనిసరి, కానీ క్రెడిట్లు లేవు. అలాంటి సబ్జెక్టుని ఎలా చదువుతారో ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

‘ముందు కోడ్ రాయడం రానీండి, సమాజం సంగతి తర్వాత చూద్దాం’ అంటారు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. తెలుగు మీడియం నుంచి వచ్చి పాయింటర్లతో కుస్తీ పడుతున్నవాళ్ళ మీద ఇంకో యూనిట్ వెయ్యడం న్యాయం కాదు. కానీ నేనడిగేది ఇంకో యూనిట్ కాదు, ఇంకో ఉదాహరణ.

2019 ఏప్రిల్ తెలంగాణ ఇంటర్ ఫలితాల్నే తీసుకోండి. తెలుగులో 99 మార్కులు రావాల్సిన అమ్మాయికి 0 వచ్చింది. పేపరు దిద్దినవాళ్ళు గడులు తప్పుగా నింపారు. అది మనిషి తప్పే. కానీ సున్నా కనబడితే ఒకసారి ఎవరైనా ఆ పేపరు మళ్ళీ చూడాలి అని చెప్పే షరతు, ఒక్క ‘ఇఫ్’, ఆమెని కాపాడగలిగేది. ఆ ఫలితాల తర్వాత ఎంతోమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ‘ఇఫ్’ గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలీదు. సరిసంఖ్యా బేసిసంఖ్యా కనుక్కోవడంతో నేర్పినా అదే సింటాక్స్ వస్తుంది. ఎందుకు రాయాలన్నది మాత్రం రాదు.

నేనుండేది వారాసిగూడలో, క్యాంపస్‌కి ఆనుకునే. 1918లో మొదలైన ఉస్మానియా ఉర్దూలో చదువు చెప్పడానికి పుట్టిన యూనివర్సిటీ. దానికి ఏడాది ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థని పెట్టి, సైన్సు మాటలకి ఉర్దూ మాటలు తయారుచేయించారు. అది ఇక్కడ ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడే భాష కాదన్నది నిజమే, ఆ విమర్శ అలాగే ఉంటుంది. అయినా ‘ఈ విద్యని ఏ మాటల్లో చెప్పాలి’ అన్న ప్రశ్నని వాళ్ళు చదువులో మొదటి పనిగా పెట్టుకున్నారు. వందేళ్ళ తర్వాత సీ లాంగ్వేజ్ దగ్గర మనం ఆ ప్రశ్నే మర్చిపోయాం.

1929లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ ఈ క్యాంపస్‌లోనే ఉంది. భాషలకోసమే ఉన్న ఇఫ్లూ ఆ పక్కనే ఉంది. ఒక్క సెమిస్టర్, రెండు చోట్లనుంచీ ఒక్కో మాస్టారు, ఒకటే క్లాసు. పెద్ద ఖర్చేం కాదు. క్రెడిట్లు మాత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎవరూ చదవరు. పద్దెనిమిదేళ్ళప్పుడు నేనైనా చదివేవాణ్ణి కాదు.