వామకుక్షి

భోజనానంతరము ఎడమప్రక్కకు ఒత్తిగిలి పరుండుటను మన పెద్దలు వామకుక్షి యనిరి. మా తాతగారు ప్రతిదినము మధ్యాహ్నమున ఆచరించుచుండగా చూచి పెరిగిన యీ శయనభంగిని నేను నడివయస్సున, పద్యపఠనమునకు కంఠము సహకరింపని కాలమున, ఆశ్రయించితిని. ఉదయము లేచునప్పటికి గొంతు బొంగురుపోవుట, ఏదో అడ్డుపడినట్లుండి మాటిమాటికి సవరించుకొనవలసివచ్చుట, గుండెలో మంట మాత్రము ఎన్నడును లేకుండుట, ఇవి నా యెఱిగిన బాధలు. గురక నడుమ ఊపిరి నిలిచిపోయి, పిదప ఉలికిపాటుతో మరల సాగుచున్నదని చెప్పినది నా భార్య. గొంతునకొక వైద్యుడు, ఊపిరికి మఱియొక వైద్యుడు అనుట నేటి పరిపాటి. కాని నిద్రించు దేహమున ఆ రెండు బాధలును ఒక్క త్రోవలోనే ఎదురుపడుచున్నవి.

జఠరామ్లము ఛాతీలో మంట పుట్టింపకయే కంఠమువఱకు ఎగబ్రాకగలదన్న సంగతిని వైద్యలోకమునకు నచ్చజెప్పినవారిలో అమెరికా వైద్యురాలు జేమీ కౌఫ్‌మన్ ముఖ్యురాలు. 225 మంది రోగులను పరిశీలించి, 24 గంటల ఆమ్లపరీక్ష ఆధారముగ ఆమె వ్రాసిన గ్రంథము 1991లో వెలువడినది. ఆమ్లమొక్కటియే దోషి కాదు. దానితో కూడ వచ్చు పెప్సిన్ అను ఎంజైము కంఠపు పొరలలో నిద్రాణమై నిలిచి, మరల ఆమ్లము సోకినంతనే మేల్కొని, ఆహారమును జీర్ణింపజేయవలసిన తన శక్తిని ఆ సుకుమారమైన పొరలపైననే చూపును. నిద్రలో మ్రింగుట అరుదగుటచేతను, లాలాజలము తగ్గుటచేతను, పగటివేళ త్వరగా కడుగుకొనిపోవు ఆమ్లము రాత్రి చాలసేపు నిలుచును.

ఇక శ్వాస సంగతి. నిద్రలో కంఠద్వారము మూసికొని ఊపిరి 10 సెకండ్లు గాని అంతకు మించి గాని ఆగుటను శ్వాసావరోధమందురు. ఇట్టివి, ఊపిరి మందగించుటలతో కలిసి, గంటకు 30కి చేరినచో వ్యాధి తీవ్రమైనదని లెక్క. ద్వారము మూసికొన్నను ఛాతీ ఊపిరి పీల్చుటకై పెనుగులాడుచునేయుండును. అప్పుడు ఛాతీలోని పీడనము మిక్కిలి పడిపోవుటచే, ఉదరమునందలి ద్రవము పైకి లాగబడుటకు అవకాశము కలుగును. పైకి వచ్చిన ఆమ్లము కంఠమును వాపెక్కించి, దాని స్పర్శజ్ఞానమును మందగింపజేసి, ద్వారమును మఱింత ఇఱుకు చేయవచ్చును. వీనిలో ఏది బీజము, ఏది వృక్షము అను వివాదమింకను తీరలేదు. స్థూలకాయము రెండింటికిని పెంపుడుతల్లి యగుట కూడ ఆ చిక్కునకొక కారణము. అయినను 1981లో సిడ్నీ నగరమున కాలిన్ సల్లివన్ ప్రకటించిన సీప్యాప్ యంత్రము, మాస్కుద్వారా గాలినంపి కంఠమును తెఱచియుంచునది, పలువురిలో ఆమ్లపు పోటును కూడ తగ్గించుట నాకు గొప్ప సాక్ష్యముగ తోచుచున్నది.

తాతగారి శయనభంగికి ఇచ్చటనే అర్థము దొరకినది. ఎడమప్రక్కకు పరుండినప్పుడు అన్నవాహిక జీర్ణాశయమును కలియు చోటు ఆమ్లపు మట్టమునకు పైగా నుండును; కుడిప్రక్కకు పరుండినచో అది ఆమ్లములో మునుగును. వెల్లకిల పరుండినచో నాలుక వెనుకకు జారి ఊపిరికి అడ్డుపడును. కావున ఎడమప్రక్క శయనము రెండు బాధలకును మేలు చేయును. కాని ఊపిరి ఆగుచున్నవారు దీనితో తృప్తినొంది నిద్రపరీక్షను మానుకొనరాదని గట్టిగా చెప్పుచున్నాను. తీవ్రమైన శ్వాసావరోధము రక్తపోటును పెంచును, గుండెను బాధించును.

రాత్రిభోజనమునకును నిద్రకును నడుమ 3 గంటలుండవలెను. టీవీ ముందు పది గంటలకు పెరుగన్నము ముగించి వెంటనే నడుము వాల్చు మన యిండ్లలో ఇదియే అన్నింటికంటె కష్టము. తలగడలను పేర్చుకొన్నచో నడుము వంగి ఉదరముపై ఒత్తిడి పెరుగును. మంచమునకు తలవైపు కోళ్ల క్రింద 6 అంగుళముల కొయ్యదిమ్మెలనుంచుట మేలు. ఆ దిమ్మెలపై కోడు జారకుండుటకై వడ్రంగిచేత కొంచెము గుంట తొలిపింపవలెను.