నట్టులో ఉన్న నేర్పు

అమెరికాలో దూరపు గురి నేర్చుకోదలచిన కొత్తవాళ్లకు, చేతిలో డబ్బు తక్కువైతే, తెలిసినవాళ్లు చెప్పే రైఫిళ్లలో శావేజ్ 110 ఒకటి. నికొలస్ బ్రూవర్ రూపొందించిన ఈ రైఫిల్ 1958లో మార్కెట్లోకి వచ్చింది. తొలి ధర 109 డాలర్ల 95 సెంట్లు. పేరులోని 110 అక్కడి నుంచే వచ్చిందంటారు.

దీని కీలకమంతా బ్యారెల్ మొదట్లో కనిపించే నట్టులో ఉంది. లోపల తూటా కూర్చునే చోటుకీ, వెనకనుంచి మూసే బోల్టుకీ మధ్య దూరం వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. మామూలుగా అది లేత్ ముందు నిలబడే నిపుణుడి పని. కాస్త కాస్త తరుగుతూ సరిచూసుకోవాలి. బ్రూవర్ పద్ధతిలో లోపల గేజ్ పెట్టి, బ్యారెల్‌ను అది తగిలేదాకా తిప్పి, నట్టు బిగిస్తారు. ఖర్చు తగ్గింది, కొలత తప్పలేదు. ఆ నట్టు చూడ్డానికి మోటుగా ఉంటుందని వంక పెట్టేవాళ్లున్నారు. ఉండనీండి, గురి చూసేది నట్టును కాదుగా!

తర్వాత వచ్చిన ఆక్యూట్రిగ్గర్ ఇంకో మేలు చేసింది: ట్రిగ్గర్ బరువును కొన్నవాడే సవరించుకోవచ్చు. తూటా సంగతికొస్తే, 2007లో హార్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మోర్ భుజాన్ని మరీ అదరగొట్టదు. కొత్తవాడు కళ్లు మూసుకోకుండా కాల్చగలడు.

100 గజాల దగ్గర అంగుళం తేడా 1,000 గజాలకు పది అంగుళాలవుతుంది. అందుకే రైఫిల్ మీద మిగిలిన సొమ్ము మంచి స్కోపుకీ, సాధనకు కావలసిన తూటాలకీ పెట్టాలి.