గురుఋణము

దక్షిణమునుండి వచ్చు రైలుబండి హౌరా చేరుటకు ముందు టికియాపారాను దాటును. హౌరా చిన్న చిన్న లేతు కార్ఖానాలకు పేరొందినది. కార్ఖానాలో కుఱ్ఱవాడు మేస్త్రి చేతిని చూచి పని నేర్చును. చేసిన మర మేస్త్రి చేసినదానితో సరిపోలినచో నేర్చినట్లే. కవిత్వమునను ఈ పోలికనే వెదకుట మన విమర్శకు అలవాటైనది.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి (1870–1950) శిష్యులను చూడుడు. పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగారలు గురువువలెనే జంటగా రచించి, సౌందరనందమును ఆయనకే అంకితమిచ్చిరి. ఇచ్చట పోలిక స్పష్టము. విశ్వనాథ సత్యనారాయణగారి త్రోవ వేఱు. పాండవోద్యోగవిజయముల పద్యము వినినంతనే నాలుక కెక్కును. రామాయణ కల్పవృక్షపు పద్యము పాఠకుని నిలిపి ఆలోచింపజేయును. శైలినిబట్టి చూచినచో వీరు గురుశిష్యులని చెప్పుట కష్టము.

అయినను, తనవంటి శిష్యుడు లభించిన భోగము నన్నయ తిక్కనలకును లేదని కల్పవృక్షావతారికలో విశ్వనాథవారు పలికిరి. ఇది అహంకారమని కొందఱందురు. కాని తమ్ము గెలిచినవారికి మీసము తీసి మ్రొక్కుదుమని సవాలు చేసిన జంటకవులలో ఒకరు వేంకటశాస్త్రిగారు. ఆ ధీమాయే శిష్యునకు సంక్రమించినది. శైలి అనుకరణమున దక్కును. ధీమా సాన్నిధ్యమున మాత్రమే దక్కును. శిష్యుని పద్యమున గురువు నడకను మాత్రమే వెదకు విమర్శకునకు ఈ ఋణము కానరాదు.