‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’: హక్కుల దృష్టితో ఒక పఠనం



గడచిన పాఠాల్లో మీరు 1789 నాటి ఫ్రెంచి హక్కుల ప్రకటనను, 1865లో రాజ్యాంగ సవరణ ద్వారా అమెరికాలో జరిగిన బానిసత్వ నిషేధాన్ని, 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనను చదివారు. తేదీలు గుర్తుపెట్టుకోవడం పెద్ద కష్టం కాదు. కష్టమల్లా ఆ మాటలకు మన ఊళ్లతో ఏం సంబంధమో తెలుసుకోవడమే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల విద్యార్థులకు ఆదివారం తరగతులు చెప్పిన రోజుల్లో ఈ ఇబ్బంది నాకు తరచు ఎదురయ్యేది. పారిస్ దగ్గర మొదలుపెడితే తరగతి కునికిపాట్లు పడేది. (ఎండాకాలం మధ్యాహ్నం, తిరగని ఫ్యాను, తప్పంతా పారిస్‌దే అనను.) అందుకని మనకు దగ్గరి పుస్తకం ఒకటి పట్టుకుని పాఠం మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. అది సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. హక్కులు, అస్తిత్వం అనే రెండు మాటలు పట్టుకుని ఆ గ్రంథాన్ని చదివితే అది ఎంతదూరం మనతో నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది ఇప్పుడు పరిశీలిద్దాం.

గ్రంథం, గ్రంథకర్త

ప్రతాపరెడ్డి గారు 1896లో పుట్టారు. స్వగ్రామం ఇటికాలపాడు. అప్పట్లో అది గద్వాల సంస్థానంలోది, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికై, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఈ గ్రంథానికే వచ్చింది.

1949 అన్న సంవత్సరాన్ని ఒకసారి గమనించండి. మానవ హక్కుల ప్రకటన వచ్చింది అంతకుముందు డిసెంబరులో. మన రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26న. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి అప్పటికి ఏడాది దాటిందో లేదో. మనిషి విలువ ఏమిటని ప్రపంచమంతా కొత్తగా రాసుకుంటున్న ఆ రోజుల్లో, మన ప్రాంతం మనిషి ఒకరు రాజుల పట్టాభిషేకాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు, దేనికి భయపడ్డారు అని అడిగారు. తూర్పు చాళుక్యుల కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ల దాకా వచ్చారు. శాసనాలు, విదేశీ యాత్రికుల రాతలు వాడుకున్నారు గాని, ఆయన అసలు గని కావ్యాలు. పాల్కురికి సోమనాథుడు, ‘క్రీడాభిరామం’, శ్రీనాథుడి చాటువులు, ‘ఆముక్తమాల్యద’, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ వంటివి. పండితులు అలంకారాల కోసం చదివే పద్యంలోంచి ఆయన చెప్పుల పేరు, చేపల వల పేరు, పిల్లల ఆట పేరు ఏరి తీశారు. తెలుగులో ఆ పని అంత విస్తారంగా అంతకుముందు ఎవరూ చేయలేదు. ఇది మొదట ఒప్పుకున్నాకే విమర్శ మొదలుపెట్టాలి.

రూకకు భోజనం

‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి పద్యం మీలో తెలుగు ఐచ్ఛికంగా తీసుకున్నవారికి తెలిసే ఉంటుంది. ఒక్క రూక ఇస్తే మేలురకం బియ్యపు వంటకం, గోధుమపిండి వంట, పంచదార, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు. సాంఘిక చరిత్రకు ఇంతకంటే ముచ్చటైన సాక్ష్యం ఉండదు. ధర ఉంది, వంటలు ఉన్నాయి, ఇంటివారి పేరు కూడా ఉంది.

వనపర్తి తరగతిలో ఒకసారి ఈ పద్యం చెప్పాను. మేస్త్రీ పనికి వెళ్లే ఇంటినుంచి వచ్చిన ఒక విద్యార్థిని లేచి, “సార్, ఆ గోధుమలు విసిరినామె ఏం తిన్నది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పద్యంలో లేదు, పుస్తకంలో లేదు. ఇరవై ఏళ్లుగా ఆ పద్యం చెబుతూ ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదా అని ఆ సాయంత్రం బస్సులో ఆలోచించాను.

‘క్రీడాభిరామం’లో ఓరుగల్లును మనకు చూపించేది ఇద్దరు మగవాళ్లు. ఒకరు మంచనశర్మ, మరొకరు టిట్టిభసెట్టి. వాళ్లు వినోదం కోసం వీధులు తిరుగుతున్నారు. కష్టజీవులైన ఆడవాళ్లు ఆ వీధుల్లో కనబడతారు, కాని వాళ్ల చూపుకు కనబడ్డంత మేరకే కనబడతారు. ఎంత కూలి వస్తుంది, ఎవరికి ఎంత బాకీ ఉంది అన్నది ఆ షికారులో ఎవరూ అడగరు. ప్రతాపరెడ్డి గారు ఆ ఇద్దరి చూపును నగరానికే కళ్లుగా తీసుకున్నారు. సాక్ష్యం ఏం చెబుతోందో జాగ్రత్తగా రాశారు గాని, సాక్షి ఎవరన్న ప్రశ్న మీద అంతసేపు నిలబడలేదు.

జొన్నకూడు మరో ఉదాహరణ. శ్రీనాథుడివిగా చెప్పే చాటువులు పలనాడును ఎగతాళి చేస్తాయి. అక్కడ సన్నబియ్యం దొరకదు, ఎవరింట చూసినా జొన్నలే అని. వాటిని బట్టి ఆనాటి పల్లె తిండి జొన్న అని చరిత్రకారుడు నిర్ధారిస్తాడు. నిర్ధారణ సరైనదే. జొన్నరొట్టె, గట్క తిని పెరిగిన పాలమూరు వాళ్లకు అది ఎవరూ చెప్పనక్కరలేదు కూడా. కాని ఆ సమాచారం మనదాకా చేరిన దారి చూడండి. బీదవాడి అన్నం చరిత్రలోకి వచ్చింది, సన్నన్నానికి అలవాటుపడిన ఒక కవి విసుగు మీద ఎక్కి వచ్చింది. తిండిని బట్టి మనిషిని తూచడం, తూచి ఒక ప్రాంతానికి పేరు పెట్టడం సామాజిక అస్తిత్వం తయారయ్యే దారుల్లో ఒకటి. చాటువును తిండికి ఆధారంగా వాడుకున్నట్టే, చిన్నచూపుకు ఆధారంగా కూడా వాడుకోవాలి.

గౌరవం వేరు, హక్కు వేరు

ఇప్పుడు ‘ఆముక్తమాల్యద’కు వద్దాం. ఆరవ ఆశ్వాసంలో మాలదాసరి కథ ఉంది. అస్పృశ్యుడైన ఒక భక్తుడు రోజూ తెల్లవారకముందే కురుంగుడి విష్ణువు గుడికి వచ్చి, బయట నిలబడి పాడి వెళ్లిపోతాడు. ఒకరోజు దారిలో బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. స్వామి సేవ చేసుకుని తిరిగివచ్చి ఆహారమవుతానని మాటిచ్చి, అన్నట్టే వస్తాడు. చివరికి తన పాట ఫలంలో కొంత ధారపోస్తే, పూర్వజన్మలో బ్రాహ్మణుడైన ఆ రాక్షసుడికి విముక్తి కలుగుతుంది. కృష్ణదేవరాయలు ఈ దాసరిని ఎంతో ప్రేమతో, గౌరవంతో చిత్రించాడు. కుల వ్యవస్థలో పైకీ కిందికీ ఉన్న లెక్కను కథ తలకిందులు చేస్తుంది.

అయినా మర్నాడు ఆ దాసరి ఎక్కడ నిలబడతాడు? మళ్లీ గుడి బయటే.

నా దృష్టిలో ఈ పాఠమంతటికీ కీలకం ఇక్కడుంది. కావ్యం ఒక మనిషికి గౌరవం ఇవ్వగలదు, అది చిన్న విషయం కాదు. హక్కు అంటే మరొకటి. లోపలికి వెళ్లడానికి ఎవరి దయా అవసరం లేకపోవడం, ఎవరైనా ఆపితే అడగడానికి ఒక చోటు ఉండడం. సార్వత్రిక ప్రకటన మొదటి అధికరణం గౌరవాన్నీ హక్కులనూ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టింది. మనుషులందరినీ సూచించడానికి ముసాయిదాలో మగవారిని చెప్పే మాటే ఉంటే, దాన్ని మార్చాలని పట్టుబట్టింది భారత ప్రతినిధి హంసా మెహతా. అక్కడ కూడా ఎవరి పేరుతో ఎవరిని పిలుస్తున్నారన్న పేచీయే. మన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని, 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. మాలదాసరి కథకూ 17వ అధికరణానికీ మధ్య నాలుగు వందల ఏళ్లకు పైగా దూరం ఉంది. సాంఘిక చరిత్ర ఆ దూరాన్ని కొలవాలి. ప్రతాపరెడ్డి గారు కులభేదాలను గట్టిగానే ఖండించారు. కాని ఖండించడం రచయిత అభిప్రాయంగా వస్తుంది, ఆ దూరాన్ని నడిచినవాళ్ల కథగా రాదు.

‘ఆంధ్రులు’ అంటే ఎవరు?

అస్తిత్వం సంగతి ఆయనకు తెలియనిది కాదు, అనుభవించినదే. తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చినప్పుడు, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవులను చూపించారు. గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానాలు పండితులను పోషించిన నేల మీద పుట్టిన మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించండి. మీరు లేరు అన్నవారికి, లెక్కపెట్టుకోండి అని జవాబు చెప్పారు. ప్రపంచంలో చిన్నచూపుకు గురైన సమూహాలు చాలావరకు ఇలాగే మొదలుపెట్టాయి.

అయితే అదే సూత్రాన్ని ఆయన గ్రంథం పేరుకు వర్తింపజేసి చూడండి. ‘ఆంధ్రులు’ అన్న ఆ ఒక్క మాటలో ఎవరెవరు ఉన్నారు? 1917లో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. అధ్యక్షుడు హైదరాబాద్‌కు చెందిన భాగ్యరెడ్డివర్మ. తాము పంచములం కాదని, ఈ నేలకు మొదటివారం గనుక ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించింది. ఇతరులు పెట్టిన పేరును వదిలి సొంత పేరు పెట్టుకోవడం హక్కుల చరిత్రలో పెద్ద ఘట్టం. అమెరికాలో నల్లజాతివారు తమను ఏమని పిలవాలో తామే తేల్చుకున్న చరిత్రను మీరు ముందు పాఠంలో చదివారు, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఆగిన చోటికి పదేళ్లు అటూఇటూగా ఈ కథ మొదలవుతుంది.

ఇంగ్లండులో జి.ఎం. ట్రెవెలియన్ కూడా 1940లలోనే తన దేశ సాంఘిక చరిత్ర రాశాడు. రాజకీయాలు తీసివేస్తే మిగిలే ప్రజల చరిత్రే సాంఘిక చరిత్ర అన్నది ఆయన ధోరణి. రాజకీయాలు తీసేస్తే రాజులు పోతారు, మంచిదే. వాళ్లతోపాటు కూలి, పన్ను, శిక్ష, తిరుగుబాటు కూడా పోయే ప్రమాదం ఉంది. 1963లో ఇ.పి. థామ్సన్ ఆంగ్ల కార్మికవర్గం మీద రాసిన గ్రంథం ఈ లోటును పూరించడానికి చేసిన ప్రయత్నమే.

పాలమూరు కూలీ సాక్ష్యం

మన జిల్లాల విషయంలో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2016లో విడిపోకముందు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఆ జిల్లా పేరు దేశమంతటా వినబడింది సంస్థానాల విద్వత్తు వల్ల కాదు, ‘పాలమూరు లేబర్’ అన్న మాట వల్ల. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, కుటుంబమంతా గుంపుగా ఆనకట్టల పనికి, కాలువల పనికి తరలివెళ్లినవాళ్లు. అది కూడా ఇతరులు పెట్టిన పేరే.

1981లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల గురించి ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అవుతుందని, ఆకలి, పేదరికం కూడా బలవంతమేనని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. ఆ కేసు మొదలైంది ఒక ఉత్తరంతో. ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు పని జరిగేచోట్లకు వెళ్లి కూలీల పరిస్థితి విచారించి రాసిన నివేదిక ఆ ఉత్తరానికి ఆధారం. మంచనశర్మ వీధుల్లో తిరిగాడు, వీళ్లూ తిరిగారు. వీళ్లు ఆగి అడిగారు.

కొందరు ఈ లోటులన్నీ చూపించి, ఇది పైకులాల చూపుతో రాసిన పుస్తకం, పక్కన పెట్టేయండి అంటారు. నేను ఒప్పుకోను. గోధుమలు విసిరినామె ఏం తిన్నది అన్న ప్రశ్న పుట్టాలంటే, ముందు భోజనం కూడా చరిత్రేనని ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. మనకు అది చెప్పింది ఇటికాలపాడు మనిషి. ఇక నియమం తెలిశాక దాన్ని ఆయన మీదే ప్రయోగించడంలో అగౌరవం ఏమీ లేదు. ఆయన పాత కవులను అలాగే నిలదీశారు.

అభ్యాసం: గ్రంథంలో మీకు నచ్చిన ఒక పేజీ తీసుకోండి. ఎడమవైపు ఆ పేజీలో కనబడే వస్తువులు, తిండ్లు, పనులు రాయండి. కుడివైపు ప్రతి వస్తువు ఎదుట దాన్ని చేసినవారు, మోసినవారు ఎవరై ఉంటారో, వారి గురించి ఆ పేజీ ఏమైనా చెబుతోందో లేదో రాయండి. తరువాత మీ ఇంట్లో గాని, వాడలో గాని వలస పనికి వెళ్లివచ్చిన పెద్దలను ఒకరిని కూర్చోబెట్టి, వెళ్లిన ఏడు, పనిచేసిన చోటు, తీసుకున్న అడ్వాన్సు, చేతికొచ్చిన కూలి, రోజూ తిన్న తిండి అడగండి. వాళ్ల మాటల్లోనే, వాళ్ల యాసలోనే రాయండి, మీరు సరిదిద్దకండి. ముందుగా వారి అనుమతి తీసుకోండి. పేరు రాయవద్దంటే రాయకండి. తరగతికి వచ్చేటప్పుడు రెండు కాగితాలూ తీసుకురండి.